పేరంటాలు వదిన చెవీ, ముసలాయన హార్డ్ డిస్కూ

తుఫాను వెళ్ళిన 83వ రోజు
గాలి: తూర్పు, మెల్లగా. అల: మోకాలెత్తు.

ప్రతి పనిబల్లకీ ఒక డ్యూటీ పుస్తకం ఉండాలి, రోజూ రాయాలి, ముందు గాలీ అలా రాసి తర్వాతే మిగతాది రాయాలి. సముద్రం మధ్యనున్న ఈ రిగ్గు మీద గ్యాసు తోడిన రోజుల్లో పెట్టిన రూలట. గ్యాసు అయిపోయింది, తోడినవాళ్ళు వెళ్ళిపోయారు, మా ఊళ్ళు సముద్రంలో కలిసిపోయి మూడొందల మందిమి ఇక్కడ కాపురాలు పెట్టి ముప్ఫై రెండేళ్ళయింది. రూలు మాత్రం చావలేదు. సరే, రాస్తున్నా. నూకరత్నం, రిపేరు బల్ల, రెండో అంతస్తు.

ఇవాళ చేసినవి: రెండు ఫ్యాన్లు, ఒక రేడియో, ఒక మిక్సీ జారు. చెయ్యలేకపోయినది ఒకటి. అదే పేరంటాలు వదిన చెవి.

మా వదినకి ఇరవయ్యో ఏట జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటికి ఒడ్డున ఇంకా ఆస్పత్రులున్నాయి కాబట్టి చెవి వెనక ఎముకలో ఒక బిళ్ళ పాతారు. పైన చెవికి మిషను తగిలించుకుంటే వినిపిస్తుంది. అయితే ఆర్నెల్లకోసారి ఆ మిషను శ్రుతి తప్పుతుంది. సరిచెయ్యడానికి ఒక ప్రోగ్రాం ఉంది. నాకు తెలిసి అది ఈ భూమ్మీద ఒక్క చోటే ఉంది, నా బల్ల కింద ఉన్న ముసలాయన కడుపులో.

ముసలాయనంటే లాప్‌టాప్. ఇటుకంత మందం, పసిపిల్లంత బరువు. మా నాన్న పుట్టకముందు తయారైందని అంచనా. ఏడాదికి రెండుసార్లే లేపుతాం, లేస్తాడు, పని చేసిపెడతాడు, పడుకుంటాడు. ఇవాళ లేవలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో, డిస్కు కనబడటం లేదన్నాడు. లోపల డిస్కు కట్ కట్ కట్‌మని బల్లి పలికినట్టు పలుకుతోంది.

"ఏమైందే?" అంది వదిన. తన గొంతు తనకి సరిగ్గా వినబడదు కదా, మూడంతస్తులకీ వినబడేట్టు అరిచింది.

"ఏం కాలేదు. రేపు చూద్దాం."

"ఏం గొణుగుతున్నావో ఏంటో. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది నీ గొంతు. మామూలప్పుడూ అంతేననుకో."

నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది.

84వ రోజు
గాలి: తూర్పు. అల: మోకాలెత్తు.

పొద్దున వంటశాలలో పోపు మాడింది.

తెలియనివాళ్ళకి ఇది ఒక విషయమా అనిపిస్తుంది. మా వదిన కళ్ళతో వండదు, చెవితో వండుతుంది. నూనె కాగిందో లేదో చెవితో చూస్తుంది. ఆవాలు ఎప్పుడు ఆగాయి, మినప్పప్పు ఎప్పుడు రంగు తిరిగింది, అన్నం ఎసరు ఎక్కడిదాకా ఇంకింది, అన్నీ వెనక్కి తిరిగి కబుర్లు చెబుతూనే కనిపెట్టేస్తుంది. మూడొందల మందికి వండే మూకుడు ముందు అలా నిలబడ్డం ఎవరికి వచ్చు? ఇవాళ మాత్రం పొగ కళ్ళల్లోకి వచ్చేదాకా తెలుసుకోలేదు.

వంటశాల పెద్ద దేవుడమ్మ గారు చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకి పిలిచి నిజం చెప్పింది. "నూరో రోజు పులిహోరకి అయిదు మానికల నూనె ఒక్కసారి కాగుతుంది రత్నం. చెవి లేని మనిషిని దాని ముందు నిలబెట్టలేను, ఒళ్ళు కాలితే ఎవరిది పాపం? నూరో రోజు పొద్దుటికి బాగైతే పొయ్యి ఆవిడదే. కాకపోతే మరొకరిది. ఆవిడ కూరలు తరుగుతుంది."

తుఫాను లేకుండా నూరు రోజులు గడిస్తే పులిహోర వండుకుని పండగ చేసుకుంటాం. పందొమ్మిదేళ్ళుగా ఆ పోపు వదినదే. ఒక్కసారి పొయ్యి చెయ్యి మారితే మళ్ళీ రాదు, ఇక్కడ పనులన్నీ అంతే.

పదహారు రోజులుంది. డిస్కు బయటికి తీశాను.

85వ రోజు
గాలి: ఈశాన్యం. అల: నడుమెత్తు.

డిస్కుని నా బల్ల మీది పెద్ద మిషనుకి కలిపితే పలికింది గానీ రెండు నిమిషాలకే వేడెక్కి మూగబోయింది. చల్లబెడితే కాసేపు నడుస్తుందని మా గురువు గారు చెప్పిన గుర్తు. పాలిథీన్ సంచీలో మూడు చుట్లు చుట్టి చేపల ఐసు పెట్టెలో రెండు పండుగప్పల మధ్య పడుకోబెట్టాను. గంటకోసారి తియ్యడం, తుడవడం, లోపలున్నది పది నిమిషాలు పెద్ద మిషనులోకి దించుకోవడం, మళ్ళీ చేపల మధ్య పెట్టడం. కరెంటు పది నుంచి మూడు దాకానే కాబట్టి ఇవాళ సగమే అయింది.

కొంచెం టంకం తీగ కావాలని బ్యాటరీ సెల్లుల గుమాస్తా భీమేశ్వర్రావు గారి దగ్గరికి వెళ్ళాను. పోయిన తుఫానుకి పడవ దీపాల సెల్లులు కొట్టుకుపోయాక ఈయనకి అధికారం వచ్చింది. "ఏ పెట్టెలోనూ సెల్లు ఊరికే కూర్చోకూడదు" అని కొత్త రూలు. మెట్ల దగ్గర మైకులో రోజూ ఉదయం ఆయన గొంతే. ఆ రూలు పెట్టిన రోజు అందరికంటే ముందు వరసలో నిలబడి సెల్లులిచ్చినది నేనే. దానికి ఫలితంగా నన్ను గంటన్నర నిలబెట్టాడు. ప్రతి సెల్లూ ఆఖరిసారి పనిచేస్తుంటే ఆయన కళ్ళతో చూడాలట, చూసినదంతా రిజిస్టర్లో దించుకోవాలట. గోడ గడియారం అంకెలు, రేడియో స్టేషన్ నంబరు, ముసలాయన తెర మీద రాతలు, ఆఖరికి కింద గీసి ఉన్న గీతలు కూడా. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా.

టంకం తీగకి అర్జీ రాయమన్నాడు. రాశాను. జానెడు ఇచ్చాడు, కొలిచి.

86వ రోజు
గాలి: ఈశాన్యం. అల: నడుమెత్తు.

మొత్తం దిగింది! ఆఖరి ముక్క దిగాక డిస్కు కుయ్యిమని ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఇంక లేవదు. చేసిన సేవ చాలు తల్లీ అని బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఆ ప్రోగ్రాం పెద్ద మిషనులో నడవదు, ముసలాయనలోనే నడుస్తుంది, కాబట్టి ఆయన లోపల ఈ కాపీ కాపురం పెట్టడానికి ఒక కొత్త ఇల్లు కావాలి. అలాంటి డిస్కులు ఎక్కడా లేవు. నా దగ్గర పాత కెమెరా కార్డులు మూడున్నాయి, ఒక్కొక్కటి అగ్గిపెట్టెలో సగం. వాటికీ డిస్కుకీ మాట ఒకటేనని, కాళ్ళే వేరని గురువు గారు అనేవారు. ముసలాయన లోపల నలభై నాలుగు సూదులున్నాయి. కార్డుకి యాభై చిల్లులు. ఏ సూది ఏ చిల్లుకో ఒక పాత కాగితం మీద ఉంది. మధ్యలో నా చేతి టంకం.

వదిన సాయంత్రం గారెలు పట్టుకొచ్చింది. లోపల పచ్చిగా ఉన్నాయి. నా మొహం చూసి తనూ ఒకటి కొరికింది, పళ్ళెం వెనక్కి తీసుకుంది. 

90వ రోజు
గాలి: తూర్పు. అల: మోకాలెత్తు.

నాలుగు రోజులు టంకం పట్టాను. నలభై నాలుగు వెంట్రుకలంత తీగలు. మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టాను. ఇవాళ పదకొండింటికి అమిరింది. డిస్కు ఉండే గూట్లో కార్డుని కూర్చోబెట్టి, కదలకుండా చుట్టూ పాత చెప్పు రబ్బరు ముక్కలు కుక్కాను. మీట నొక్కాను. డిస్కు కనబడటం లేదన్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదని ఇందుకే అన్నారు.

92వ రోజు
గాలి: దక్షిణం. అల: మోకాలెత్తు.

తీగలన్నీ మళ్ళీ చూశాను. బాగానే ఉన్నాయి. కార్డుని పెద్ద మిషనుకి పెడితే అందులో అన్నీ ఉన్నాయి, వదిన పేరుతో ఫైలు కూడా కనబడుతోంది. ముసలాయనకి మాత్రం కనబడదు.

మధ్యాహ్నం వంటశాలలో వదిన తనంతట తనే గరిటె తీసి దేవుడమ్మ గారి చేతిలో పెట్టేసింది. "ఇంకెవరినైనా పెట్టుకోండి, నేను గోంగూర ఒలుచుకుంటా" అని గట్టిగా అరిచింది. ఇప్పుడు తనకి గులకరాళ్ళు కూడా వినబడటం లేదట, ఒట్టి హోరేనట. ఆవిడ ఏడవలేదు. నేనే మెట్ల కింద నిలబడి ఏడ్చాను.

93వ రోజు
గాలి: దక్షిణం. అల: లేదు.

సిగ్గుతో రాస్తున్నాను. రాసింది కొట్టెయ్యకూడదని రూలు కాబట్టి ఉంచుతున్నాను.

పొద్దున్న ముసలాయన్ని విప్పుకుని కూర్చున్నాను. ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ముసలాయన పుట్టిన సంవత్సరమే చూపిస్తోంది, నిన్న ఏం జరిగిందో ఏమీ తెలియదు. సరిగ్గా అప్పుడే మెట్ల దగ్గర మైకు మోగింది. "ఏ పెట్టెలోనూ సెల్లు ఊరికే కూర్చోకూడదు." నా చేతికింద, ముసలాయన లోపల ఒక మూల, రూపాయి బిళ్ళంత గుంట ఖాళీగా ఉంది. అక్కడి సెల్లు తీసి వరసలో ముందు నిలబడి ఇచ్చినది ఎవరు? ఈ నూకరత్నమే.

అది ఊరికే కూర్చోలేదు. ముసలాయన నిద్రపోతున్నప్పుడు ఆయనకి జ్ఞాపకం పట్టి ఉంచేది అదే. టైమెంత, నా లోపల ఉన్న డిస్కు ఎలాంటిది, అన్నీ. అది తీసేశాక ఆయన తన డిస్కునే మర్చిపోయాడు. నేనేమో డిస్కు చచ్చిందని ఐసులో పెట్టి, దించి, దాని ప్రాణం తీశాను. అది ముసలిదే, పోయేదే. కానీ మొదటి రోజే నాకు బుద్ధుంటే ఒక్కసారి నడిచేదేమో, ఆ ఒక్కసారికే వదిన చెవి బాగయ్యేది. రూలు మీద భక్తితో నా చేతులతో నేనే చేశాను.

వదిన దగ్గరికెళ్ళి పలక మీద రాశాను. "తప్పు నాదే. సెల్లు నేనే తీసి ఇచ్చేశాను." కింద ఇంకా చాలా రాశాను, నీకు మొహం చూపించలేనని కూడా రాశాను. వదిన మొత్తం చదివింది. పైటకొంగుతో పలక తుడిచింది. దాని మీద "అన్నం తిన్నావా" అని రాసి నా వైపు తిప్పింది.

తిన్నాను. రెండుసార్లు వడ్డించింది.

94వ రోజు
గాలి: దక్షిణం. అల: మోకాలెత్తు.

సెల్లు వెనక్కి కావాలని అర్జీ పెట్టాను. భీమేశ్వర్రావు గారు అరలోంచి తీశారు. దారంతో చీటీ కట్టి అలాగే ఉంది. ఆ సైజు సెల్లు ఇంకెందులోనూ పట్టదట, అప్పటినుంచీ ఎవరూ అడగలేదట. మరైతే అది ఇక్కడ ఊరికే కూర్చుందన్నమాటే కదండీ అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

గుంటలో సెల్లు పెట్టాను. గడియారం నిలబడింది. డిస్కు మాత్రం ఇంకా లేదు. జ్ఞాపకం పెట్టుకునే శక్తి వచ్చింది గానీ, పోయిన జ్ఞాపకం రాలేదు. తెర మీద మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నీ డిస్కు లెక్క చెప్పు అంటున్నాడు.

అది ఇలా ఉంటుంది. మూడొందల మందికి పులిహోర ఉంది. ఎన్ని బంతులు, బంతికి ఎన్ని వరసలు, వరసకి ఎన్ని ఆకులు, ఈ మూడూ తెలిస్తేనే వడ్డన. పాత డిస్కులో సరుకు మొత్తం ఎంతో నాకు తెలుసు. ఎలా పంచారో తెలియదు. డిస్కు మీద చీటీ ఉండేది, ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది.

97వ రోజు
గాలి: ఆగ్నేయం. అల: మోకాలెత్తు.

మూడు రోజులుగా అంకెలు వేస్తూనే ఉన్నాను. రెండొందలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. దేవుడమ్మ గారు నూరో రోజుకి పొయ్యి దగ్గర ఎవరిని పెట్టాలో పేరు అనుకున్నారని తెలిసింది. నేను అడగలేదు.

మూడింటికి కరెంటు పోబోతుండగా వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. ఖాళీ గళ్ళ వైపు వేలు పెట్టి ఏంటని సైగ చేసింది. పలక మీద రాశాను. "ఇక్కడ మూడు అంకెలుండేవి. ఎవరూ చూడలేదు."

వదిన చదివి పకపకా నవ్వింది. "ఎవరూ చూడకపోవడమేంటే! ఆ రోజు నువ్వు తిట్టుకుంటూ ఇంటికొచ్చావు కదా, ఆ భీమేశ్వర్రావు గారు గీతలతో సహా దించుకున్నాడని!"

రిగ్గంతా వినబడేట్టు అరిచింది. కింద అంతస్తులో భీమేశ్వర్రావు గారికీ వినబడే ఉంటుంది.

నేను చెప్పులు కూడా వేసుకోలేదు.

98వ రోజు
గాలి: తూర్పు. అల: చూడలేదు.

నిన్న నేను వెళ్ళేసరికి భీమేశ్వర్రావు గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. రిజిస్టరు చూడ్డానికి అర్జీ రాయమన్నారు. చెప్పుల్లేని నా కాళ్ళు చూసి, "పోనీ, రేపు రాద్దురు గానీ" అన్నారు. ముప్ఫై రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరైనా విన్నారా?

పేజీలు తిప్పారు. ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. టైము, తేదీ, కింద గీత, ఆ గీత కింద మూడు అంకెలు. తొమ్మిదివందల ఎనభై ఎనిమిది, పదహారు, యాభై రెండు. నేను చూసి కూడా చూడని అంకెలు. సెట్టింగుల తెర మీద టైము ఒక్కటీ చూపించి పోదామనుకున్న నన్ను నిలబెట్టి, తెరంతా దించుకున్న మనిషి ఆయన.

"మీ చాదస్తానికి వెయ్యి దణ్ణాలండీ" అన్నాను.

"చాదస్తం కాదమ్మా, పద్ధతి."

"ఆయ్, పద్ధతే."

ఇవాళ పదింటికి కరెంటు రాగానే మూడు గళ్ళూ నింపాను. కార్డు నిజానికి ఆ పాత డిస్కుకి పదింతలు పెద్దది. ముసలాయనకి అది చెప్పకూడదు, చెబితే కంగారు పడతాడు. నీ పాత డిస్కే నాయనా, అవే బంతులు, అవే వరసలు అని నచ్చజెప్పాను. మీట నొక్కాను. చప్పుడు లేదు. కార్డు కదా, కట్ కట్ ఉండదు.  తర్వాత తెర మీద ఒక్కో వరసా రావడం మొదలైంది. ఇదివరకు కాఫీ తాగి వచ్చేంతసేపు పట్టేది, ఇప్పుడు కొంగు సర్దుకునేలోపే లేచి కూర్చున్నాడు.

వదిన చెవికి తీగ తగిలించాను. ఒక్కో శబ్దం పంపడం, వినబడితే తను వేలెత్తడం. మొదటి నాలుగింటికీ వేలు లేవలేదు. అయిదోదానికి లేచింది. గంటసేపు పైకీ కిందికీ సర్దాం.

"ఇప్పుడు ఎలా ఉంది వదినా?"

కళ్ళు మూసుకుంది. 

"ఆ సముద్రాన్ని కాస్త తగ్గించవే, చెవిలో కూర్చుంది."

తగ్గించాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బావుంది. నీ గొంతు మాత్రం మామూలప్పుడూ గులకరాళ్ళేనన్నాను చూడు, అది నిజమే." మెల్లగా, మామూలు గొంతుతో అంది. పదిహేను రోజుల తర్వాత తన గొంతు తను విని తగ్గించుకుని మాట్లాడింది. నేను తన ఒళ్ళో తల పెట్టి ఏడ్చేశాను, సంతోషమే. "జుట్టునిండా చేపల వాసనే" అని తిడుతూనే తల నిమిరింది.

కార్డులో ఉన్నది మిగతా రెండు కార్డుల్లోకీ దించాను. ఒకటి నా దగ్గర, ఒకటి వంటశాల ఉప్పు జాడీ వెనక. మూడు అంకెలూ ముసలాయన మూత లోపల సూదితో గీశాను.

100వ రోజు
గాలి: హాయిగా ఉంది. అల: మోకాలెత్తు.

పొద్దున్నే దేవుడమ్మ గారు వదినని పొయ్యికి వీపు పెట్టి నిలబెట్టి, వెనకాల చిన్న మూకుట్లో నాలుగు ఆవాలు వేశారు. "ఎన్ని పేలాయి?" "మూడు. నాలుగోది పుచ్చుది." గరిటె చేతికిచ్చేశారు.

అయిదు మానికల నూనె పొయ్యెక్కింది. రిగ్గంతా వంటశాల చుట్టూ చేరింది. పసుపన్నం కొండలా ఆరబోసి ఉంది. నేను గుమ్మం దగ్గర చింతపండు గుజ్జు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అదే సమయానికి చంకలో రిజిస్టరుతో భీమేశ్వర్రావు గారు వచ్చారు.

"నూకరత్నం గారూ, మొన్న సెల్లు వెనక్కిచ్చిన కంగారులో ఒక గడి వదిలేశాం. 'ఈ సెల్లు చేయు పని' అని ఉంది. అది నింపకపోతే సెల్లు ఊరికే కూర్చున్నట్టే లెక్క."

"అదేనండీ, ఆ కంప్యూటరు నిద్రపోతున్నప్పుడు డిస్కు తాలూకు అంకెల్ని..."

"గడి చిన్నదండీ. ఒక్క ముక్కలో చెప్పండి."

వదిన మాకు వీపు పెట్టి ఉంది. ఎడమచెయ్యి పైకెత్తింది. అందరం నోళ్ళు మూశాం. ఆవాలు పడ్డాయి. ఒకటి, రెండు, తర్వాత వానలా చిటపటమన్నాయి. మినప్పప్పు, శనగపప్పు, వేరుశనగలు, ఎండుమిరపకాయలు. వదిన మూకుట్లోకి చూడటం లేదు. తల కాస్త పక్కకి వంచి వింటోంది. కరివేపాకు వేసింది, చుయ్యిమంది, ఇంగువ వాసన గుప్పుమంది. ఆ చప్పుడు సన్నబడగానే ఇద్దరు మనుషులు మూకుడు దించేట్టు చెయ్యి ఊపింది. బంగారంలా ఉంది పోపు. ఒక్క గింజ నల్లబడలేదు.

అప్పుడు, వెనక్కి తిరక్కుండానే అంది.

"పోపు మాడకుండా చూస్తుందని రాసుకోండి, భీమేశ్వర్రావు గారూ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు.